మెత్తని చేతికి గట్టి పరీక్ష

తాయ్‌చీ పోట్లాటకు పనికొస్తుందా అని అడిగితే సాధారణంగా రెండు జవాబుల్లో ఒకటి వస్తుంది. తెల్లవారుజామున పార్కులో గాలిని నిమురుతున్నట్టు చేతులు కదిపే పెద్దవాళ్లను చూసినవాళ్లు అది ఒంటికి మంచి కసరత్తు, అంతకుమించి అందులో ఏమీ లేదంటారు. ఆ విద్యను నమ్ముకుని, పాత గురువుల కథలు వింటూ సాధన చేసినవాళ్లు అసలు సిసలు తాయ్‌చీ తెలిసినవాడి ముందు ఏ వస్తాదూ నిలవలేడంటారు. ఈ రెండో జవాబు చెప్పేవాళ్లకు 2017 ఏప్రిల్ 27 చేదు రోజు. చైనాలోని చెంగ్దూ నగరంలో ఆ రోజు షూ షియావ్‌దోంగ్ అనే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ శిక్షకుడు, వెయ్ లెయ్ అనే తాయ్‌చీ గురువు ఎదురెదురుగా నిలిచారు. వెయ్ లెయ్ చేతులు ముందుకు చాచి కాచుకున్నాడు. షూ దూసుకొచ్చాడు. అర నిమిషం గడవకముందే గురువు నేల మీద పడి ఉన్నాడు, తల మీద గుద్దులు పడుతుంటే పోరు ఆపేశారు. మూడేళ్ల తర్వాత, 2020 మే నెలలో, మా బావ్‌గ్వో అనే 69 ఏళ్ల గురువు షాన్‌దోంగ్‌లో ఒక అమెచ్యూర్ చేతిలో అర నిమిషంలో మూడుసార్లు పడిపోయాడు. మూడోసారి స్పృహ లేదు. ఆ వీడియోలు చూసి చైనా అంతా నవ్వింది. ఆ నవ్వులో కొంత క్రూరత్వం ఉంది, కానీ ఆ వీడియోలు అబద్ధం కావు. తాయ్‌చీని ప్రేమించేవాళ్లు వాటిని పక్కకు నెట్టేయకూడదు.

అలాగని ఆ అర నిమిషాల్ని పట్టుకుని తాయ్‌చీ సూత్రాలే బూటకమని తీర్మానించడం నాకు సమ్మతం కాదు. ఓడింది ఏమిటో విడదీసి చూడాలి. తాయ్‌చీ చెప్పే సూత్రాలు నిజమైన పోరులో పనిచేస్తాయనీ, రోజూ ఎన్నో గోదాల్లో, రింగుల్లో వేరే పేర్లతో పనిచేస్తూనే ఉన్నాయనీ నా వాదన. అయితే అవి పనిచేసే దూరం చాలా చిన్నది. చేతికి చెయ్యి తగిలిన తర్వాతే అవి మొదలవుతాయి. ఆ తాకిడి దాకా క్షేమంగా చేరడం ఎలాగో, చేరాక మొండికేసే మనిషి మీద వాటిని ఎలా ప్రయోగించాలో నేటి సాధన చాలావరకు వదిలేసింది. సూత్రం నిలిచింది, దాన్ని మోసే కసరత్తు పోయింది. చెంగ్దూలో కనిపించింది ఆ నష్టమే.

ఈ విద్య పుట్టిన చోటికి వెళితే ఆ నష్టం ఎలా జరిగిందో తెలుస్తుంది. పదహారో శతాబ్దపు మింగ్ సేనాని చీ జీగ్వాంగ్ సముద్రపు దొంగలతో పోరాడటానికి పల్లెటూరి కుర్రాళ్లను చేర్చుకుని శిక్షణ ఇచ్చాడు. ఆయన రాసిన సైనిక గ్రంథంలో ఒట్టిచేతి పోరాటానికి 32 భంగిమలు బొమ్మలతో సహా ఉన్నాయి. అయినా యుద్ధభూమిలో ఒట్టిచేతులు పెద్దగా ఉపయోగపడవని ఆయనే ఒప్పుకున్నాడు. కాళ్లూ చేతులూ చురుకెక్కడానికి, ఆయుధం పట్టే ముందు ఒళ్లు సిద్ధం కావడానికి అది తొలిమెట్టు అన్నది ఆయన లెక్క. హెనాన్‌లోని చెన్ గ్రామంలో తాయ్‌చీకి మూలంగా భావించే కదలికల వరసల్లో ఆ భంగిమల్లో చాలా భాగం కనిపిస్తాయి. వాటిని కూర్చాడని చెప్పే చెన్ వాంగ్‌టింగ్ పదిహేడో శతాబ్దపు మనిషి, మింగ్ రాజ్యం కూలిన కాలం చూసినవాడు. ఆ ఊరి మగవాళ్లలో కొందరు వర్తకుల బళ్లకు కాపలాగా దారి పొడుగునా వెళ్లేవారు. పొలం పనితో గట్టిపడిన ఒళ్లు, చేతిలో బల్లెమో కత్తో, దోపిడీ దొంగలు ఎదురయ్యే దారులు, ఊళ్లో రోజూ ఒకరినొకరు పడదోసుకునే తోటి కుర్రాళ్లు, ఇవన్నీ వాళ్ల తాయ్‌చీలో భాగాలు. మెల్లగా చేసే వరస అందులో ఒక ముక్క మాత్రమే. మిగతావన్నీ బతుకే సమకూర్చేది కాబట్టి వాటిని ప్రత్యేకంగా రాసిపెట్టుకోవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

పందొమ్మిదో శతాబ్దంలో యాంగ్ లూచాన్ ఆ గ్రామంలో నేర్చుకుని బీజింగ్ చేరాడు. రాజకుటుంబీకులకూ కొలువు సిబ్బందికీ నేర్పాడు. ఆయనకు అజేయుడన్న బిరుదు అంటుకుంది. ఆ బిరుదు చుట్టూ అల్లుకున్న కథలను నేను సాక్ష్యంగా లెక్కవేయను, శిష్యులు గురువు గురించి చెప్పే కథలు ఏ విద్యలోనైనా ఒకేలా ఉంటాయి. నాకు సాక్ష్యంగా కనిపించేది ఆ తర్వాత జరిగిన మార్పు. ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫూ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో వరసను విశాలంగా, ఒకే వేగంతో, దూకుళ్లూ విసురు దెబ్బలూ లేకుండా సాఫీ చేశాడు. అప్పటికి తుపాకులు వచ్చేశాయి, నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో చదువుకున్నవాళ్లు, పట్నవాసులు, జబ్బుచేసి కోలుకుంటున్నవాళ్లు పెరిగారు. 1956లో చైనా ప్రభుత్వ క్రీడా శాఖ ఆ యాంగ్ వరసనే కుదించి 24 కదలికలతో అందరికీ పనికొచ్చే సులువైన వరసను తయారుచేయించింది. ఇవాళ లోకంలో ఎక్కువమంది చేసే తాయ్‌చీ అదే. కోట్లమంది ఒంటికి మేలు చేసిన పని అది, దాన్ని తక్కువ చేయను. కానీ ఒక్కొక్క అడుగులో ఏం జారిపోయిందో గమనించండి. ముందు ఆయుధం పోయింది, తర్వాత విసురు పోయింది, చివరికి ఎదుటి మనిషే పోయాడు.

ఇప్పుడు సూత్రం దగ్గరికి వద్దాం, ఎందుకంటే దాన్ని సరిగ్గా చెప్పకపోతే అది మంత్రంలా మిగిలిపోతుంది. కంటితో చూసి స్పందించడానికి మామూలు మనిషికి సెకనులో ఐదో వంతో నాలుగో వంతో పడుతుంది. చర్మం ద్వారా తెలిసినదానికి అంతకంటే తక్కువ కాలం చాలు. కండరం హఠాత్తుగా సాగినప్పుడు కలిగే కొన్ని ప్రతిస్పందనలైతే సెకనులో పదో వంతు లోపే మొదలవుతాయి. దగ్గర నుంచి వచ్చే గుద్దును చూసి ఆపడం దాదాపు అసాధ్యం కావడానికి కారణం ఇదే. అదే గుద్దు విసరబోయే చేతి మీద ముందే మన ముంజేయి ఆని ఉంటే, భుజం బిగుసుకున్న క్షణంలోనే మనకు కబురు అందుతుంది. కబడ్డీలో కూతకు వచ్చినవాడి నడుము పట్టిన ఆటగాడు అతను ఎటు విదిలించుకోబోతున్నాడో చూసి తెలుసుకోడు, పట్టిన చేతులే అతనికి చెబుతాయి. తాయ్‌చీ గురువులు చేత్తో వినడం అనే పేరుతో నేర్పేది ఈ జ్ఞానాన్నే. ఒళ్లు బిగిసి ఉంటే ఆ కబురు అందదు. ఎదుటివాడి తోపు ఏదో, నా బిగింపు ఏదో నరాలకు తేడా తెలియదు. వదులుగా ఉండమని తాయ్‌చీ అంతగా పట్టుబట్టడానికి మొదటి కారణం ఇదైతే, బిగుసుకున్న చేతిని పట్టుకున్నవాడికి మొత్తం ఒళ్లు పిడిగా దొరుకుతుందన్నది రెండో కారణం.

రెండు కాళ్ల మీద నిలబడే ప్రాణికి ఎప్పుడూ ఒక బలహీనమైన దిక్కు ఉంటుంది. పాదాలు రెంటినీ కలుపుతూ ఒక గీత గీసుకుంటే, ఆ గీత పొడవునా తోసేవాడిని మనిషి బాగా తట్టుకుంటాడు. గీతకు అడ్డంగా కొద్దిపాటి లాగుడు చాలు, అడుగు మార్చక తప్పదు. మీదికొచ్చే బలాన్ని ఎదురుగా ఆపకుండా కాస్త పక్కకు నడిపిస్తే అది తనంతట తానే ఆ అడ్డ దిక్కుకు పోతుంది. తాయ్‌చీలో లూ అని పిలిచే పని ఇది. ముంజేతిలో మెత్తని నిలుపు ఉంచుకుని ఎదుటివాడి బరువును మోస్తూ ఉండటం పెంగ్, కిందికి నొక్కి అతను పైకి లేవబోయినప్పుడు కాళ్ల కింద నేల తప్పించేలా తోయడం ఆన్. ఇంకా నొక్కడం, లాగడం, చీల్చినట్టు తిప్పడం, మోచేయి, భుజం కలిపి ఎనిమిది. ఇవేవీ తాయ్‌చీ సొత్తు కావు. జూడోలో విసిరే ముందు తూకం తప్పించే పని, గ్రీకో రోమన్ కుస్తీలో చంకల కింద చేతులు దూర్చడానికి జరిగే పెనుగులాట, ముయ్ థాయ్ యోధులు మెడ పట్టుకుని మోకాళ్లతో కొట్టే ముందు ఎదుటివాడిని అటూ ఇటూ ఊపే తీరు, మన కుస్తీలో మెడ మీద చెయ్యి వేసి లాగినట్టే లాగి కాలికి అడ్డం పెట్టడం, వీటన్నింటిలో అదే శాస్త్రం పనిచేస్తుంది. ఇన్ని వేర్వేరు దేశాల మల్లులు ఒకరితో ఒకరు సంప్రదించుకోకుండా ఒకే చోటికి చేరారంటే సూత్రం గట్టిదేనని నమ్మడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మరి వెయ్ లెయ్ ఎందుకు ఓడాడు? తాకిడి లేకుండానే తాకిడి శాస్త్రం పనిచేస్తుందని ఆశించినందుకు. చేతులు ముందుకు చాచి ఎదుటివాడి చేతులు వచ్చి వాటి మీద ఆనతాయని ఎదురుచూసే భంగిమ సాధన గదిలో బాగా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ జోడీ వచ్చి చెయ్యి ఆనించడంతోనే ఆట మొదలవుతుంది. గుద్దేవాడు చెయ్యి ఆనించడు, కొట్టి వెనక్కి తీసుకుంటాడు. ఆ రెండు క్షణాల మధ్య వినడానికి ఏమీ ఉండదు. ఇది ఒక్క మనిషి లోపం అనుకోవద్దు. 1954 జనవరి 17న మకావులో వూ గోంగ్‌యీ, చాన్ హక్ ఫూ తలపడ్డారు. వూ గోంగ్‌యీ వూ శైలి తాయ్‌చీ కుటుంబానికి పెద్ద, వయసు యాభై దాటింది. చాన్ శ్వేతకొంగ శైలికి చెందినవాడు, వయసులో చిన్నవాడు. హాంకాంగ్‌లో షెక్ కిప్ మేయ్ అగ్నిప్రమాదంలో ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లకు విరాళాల కోసం పెట్టిన పోటీ అది. రెండో రౌండులో ఆపేసి, గెలుపోటములు లేవని ప్రకటించారు. ఆ పోటీని తీసిన ఫిల్ము మిగిలింది. చూస్తే తాయ్‌చీ వరస పోలికా కనబడదు, కొంగ శైలి పోలికా కనబడదు. ఇద్దరూ చేతులు విసురుతున్నారు, అందినప్పుడు కొడుతున్నారు, దూరం తెలియక తడబడుతున్నారు. ఈ పోటీ వేడిలోంచే హాంకాంగ్ పత్రికల్లో యుద్ధవిద్యల నవలల కొత్త తరం పుట్టింది, ల్యాంగ్ యూషెంగ్ ధారావాహిక ఆ నెలలోనే మొదలైంది. నవలలు ఆకాశంలో ఎగిరాయి, ఫిల్ము మాత్రం నేల మీద ఉన్న నిజం చూపించింది.

అయితే ఆ ఫిల్ములోనే తాయ్‌చీకి అనుకూలమైన సాక్ష్యం కూడా ఉంది. చాన్ ముక్కు నుంచి రక్తం కారింది. యాభై దాటిన వూ ఊపిరి పోగొట్టుకోకుండా, పడిపోకుండా నిలిచాడు. అంటే నేర్చుకున్న నిలకడ ఒంట్లో ఉంది, దాన్ని వాడుకోవలసిన దూరానికి వెళ్లే అలవాటు లేదు. చేతులు కలిసే దూరానికి అడుగు వేసి చొచ్చుకుపోయి, గుద్దు తగలకుండా తల కాచుకుని, ఎదుటివాడి చేతినో మెడనో అందుకోవడం ఒక ప్రత్యేకమైన నైపుణ్యం. బాక్సింగులో ఎదుటివాడిని దగ్గరగా పట్టేసుకునే క్లించ్‌లోకి వెళ్లే ప్రతివాడూ దాన్ని వేలసార్లు చేసి నేర్చుకుంటాడు. తాయ్‌చీ ఆ వంతెనను కట్టుకోవాలి, లేదా ఉన్నచోట నుంచి అరువు తెచ్చుకోవాలి. అరువు తేవడంలో అవమానం ఏమీ లేదు. చీ జీగ్వాంగ్ కూడా తన కాలంలో పేరున్న రకరకాల పోరాట పద్ధతుల్లోంచి మంచివి ఏరుకునే తన 32 భంగిమలు కూర్చుకున్నాడు.

ఇక్కడ సంప్రదాయవాదులు చెప్పే బలమైన అభ్యంతరం ఒకటుంది. తాయ్‌చీలోని అసలు దెబ్బలు ప్రాణాంతకమైనవి, గొంతు, కళ్లు, కీళ్ల మీద పడేవి, వాటిని ఆటల పోటీలో వాడనివ్వరు, అందుకే బరిలో తాయ్‌చీ ఓడినట్టు కనిపిస్తుందని. ఈ వాదనకు జవాబు 1882లోనే టోక్యోలో దొరికింది. కానో జిగోరో తన జూడో బడి కొదోకాన్‌ను స్థాపించినప్పుడు పాత జుజుత్సులోని ప్రమాదకరమైన దెబ్బలను కాతా అనే వరసలకే పరిమితం చేసి, పూర్తి బలంతో, పూర్తి ప్రతిఘటనతో రోజూ చేయగలిగిన విసుర్లనూ పట్లనూ రందోరి అనే స్వేచ్ఛా పోరులో పెట్టాడు. చూడ్డానికి ఆయన విద్య మెత్తబడింది. కానీ 1880ల్లో టోక్యో పోలీసుల ఆధ్వర్యంలో పాత జుజుత్సు శాఖలతో జరిగిన పోటీల్లో ఆయన శిష్యులు పేరు తెచ్చుకున్నారు. ప్రాణాంతకమైన దెబ్బను ఎవరి మీదా నిజంగా ప్రయోగించి చూడలేం, కాబట్టి అది వచ్చిందో లేదో సాధకుడికి ఎప్పటికీ తెలియదు. హాని చేయని విసురును వెయ్యిసార్లు నిజంగా చేయవచ్చు, వెయ్యిసార్లు విఫలం కూడా కావచ్చు, ఆ వైఫల్యాలే నేర్పుతాయి. ఆ కొదోకాన్ విద్య బ్రెజిల్ చేరి అక్కడ ఎదిగిన శాఖ నుంచి వచ్చిన రాయిస్ గ్రేసీ 1993 నవంబరు 12న డెన్వర్‌లో రకరకాల పోరాట విద్యలవాళ్లు తలపడిన తొలి యూఎఫ్‌సీ పోటీని గెలిచాడు. కొరకడం, కళ్లు పొడవడం తప్ప దాదాపు అన్నీ అనుమతించిన పోటీ అది. అక్కడ దాగి ఉన్న ప్రాణాంతక దెబ్బలు ఎవరినీ కాపాడలేదు. పైగా కన్ను పొడవాలన్నా ముందు తూకం తప్పకుండా నిలబడాలి, తల దగ్గరికి చెయ్యి చేరాలి. అంటే మళ్లీ పట్టూ నిలకడా తెలిసినవాడికే ఆ అవకాశం ఎక్కువ.

అవతలి పక్క నుంచి వచ్చే అభ్యంతరం ఇంకా పదునైనది. బాక్సింగు నుంచి దూరం, కుస్తీ నుంచి పట్టు తెచ్చుకుంటే మిగిలేది బాక్సింగూ కుస్తీయే కదా, తాయ్‌చీ అన్న పేరెందుకు అని. దీనికి నా దగ్గర పూర్తిగా మూతపడే జవాబు లేదు, కానీ పేరు వృథా కాదని చెప్పే కారణం ఉంది. ప్రతి పోరాట విద్యా ఒక క్రమంలో నేర్పుతుంది. కుస్తీ బలంతో మొదలుపెట్టి, అనుభవం పండేకొద్దీ వదులుతనం వైపు నడుస్తుంది. ముదిరిన వస్తాదు తక్కువ బలంతో ఎక్కువ పని చేస్తాడని ఏ తాలింఖానాలో అడిగినా చెబుతారు. తాయ్‌చీ ఆ చివరి పాఠాన్ని మొదటి రోజునే చేతికిచ్చి, దాన్నే ఏళ్ల తరబడి తిప్పి తిప్పి పరీక్షిస్తుంది. ఒంట్లో ఏ మూల బిగింపు ఉందో వెతకడానికి, నడుము తిప్పితే చెయ్యి కదలాలి తప్ప భుజం విడిగా పనిచేయకూడదని గమనించడానికి అంత సూక్ష్మమైన పద్ధతి మరే విద్యలోనూ నాకు కనిపించలేదు. న్యూయార్క్‌లో దశాబ్దాలుగా నేర్పిన విలియం చెన్ ఇందుకు మంచి ఉదాహరణ. తైవాన్‌లో జెంగ్ మాన్‌చింగ్ దగ్గర యాంగ్ శైలి నేర్చుకున్న ఆయన పోటీల్లో దిగాడు. తర్వాత తన బడిలో మెల్లని వరసతో పాటే బాక్సింగ్ గ్లవ్స్ తొడిగించి గుద్దులు నేర్పాడు. పాదం, తొడ, చెయ్యి ఎలా ఒకదాని వెంట ఒకటి కదిలి దెబ్బ అవుతుందో వరసలోంచే వివరించాడు. ఆయన పిల్లలు మాక్స్, టిఫనీ గుద్దులు, తన్నులు, విసుర్లు కలిసిన సాన్‌డా పోటీల్లో దిగారు. అక్కడ వరస ఎవరికీ అడ్డం కాలేదు, దెబ్బ ఎక్కడి నుంచి పుడుతుందో చూపించే పాఠంగా పనికొచ్చింది.

మెల్లగా చేస్తే వేగం ఎలా వస్తుందని అడుగుతారు. రాదు. వేగంగా చేసినప్పుడే వేగం వస్తుంది, శరీరం చేసిన పనినే నేర్చుకుంటుంది. మెల్లదనం ఇచ్చేవి వేరే. 1996లో అమెరికాలోని అట్లాంటాలో 70 ఏళ్లు దాటిన 200 మందితో జరిగిన అధ్యయనంలో 15 వారాల తాయ్‌చీ నేర్చుకున్నవాళ్లలో పదేపదే పడిపోయే ముప్పు 47.5 శాతం తగ్గింది. పడకుండా ఉండటం పోరులో చిన్న సంగతి కాదు, కుస్తీలో సగం పని అదే. అయితే ఆ పెద్దవాళ్లను ఎవరూ తోయలేదు, గడప తట్టుకుంటే నిలదొక్కుకోవడం వాళ్లు నేర్చుకున్నారు, మనిషి మీదికొస్తే నిలదొక్కుకోవడం కాదు. రెండింటికీ మధ్య ఉన్న పెద్ద తేడా భయం. కోపంతో మీదికొచ్చే మనిషిని చూడగానే గుండె వేగం పెరుగుతుంది, భుజాలు చెవుల దాకా లేస్తాయి, ఊపిరి గొంతులో నిలుస్తుంది, వేళ్లలో సున్నితత్వం పోతుంది. తాయ్‌చీ ఏళ్ల తరబడి కట్టిన వదులుతనం అంతా మొదటి దెబ్బతో కరిగిపోతుంది, అంతకుముందు ఎప్పుడూ దెబ్బ తినకపోతే. ప్రశాంతంగా ఉన్నప్పుడు మెత్తగా ఉండటం ఎవరికైనా వస్తుంది. దెబ్బ తగిలాక రెండో క్షణంలో మళ్లీ భుజం దించి ఊపిరి వదలగలగడమే పోరులో వదులుతనం, అది దెబ్బల మధ్యే పట్టుబడుతుంది.

ఇద్దరు చేతులు ఆనించి చేసే ట్వే షౌ, అంటే పుష్ హ్యాండ్స్, ఈ లోటు తీర్చాలని పుట్టిందే. దాన్ని కూడా రెండు వైపుల నుంచీ చెడగొట్టారు. ఒకవైపు గురువు చెయ్యి తగలగానే శిష్యులు పదడుగుల దూరం ఎగిరిపడే ప్రదర్శనలు. ఆ శిష్యులు మోసగాళ్లని నేననుకోను, గురువును గౌరవించే మనిషి తెలియకుండానే ముందుగా తూకం వదులుకోవడం నేర్చుకుంటాడు. కానీ అలా ఇరవై ఏళ్లు గడిపిన గురువుకు తన చేతికి ఎంత బలముందో తెలిసే దారే మూసుకుపోతుంది. రెండోవైపు పాదాలు కదపకూడదన్న నిబంధనతో జరిగే పోటీలు. అక్కడ బరువైనవాడు ముందుకు వాలి ఎద్దులా తోయడమే గెలుపు మార్గమైంది. పాదం కదిపే స్వేచ్ఛ లేనప్పుడు లూ సగం చచ్చిపోతుంది. ఎదుటివాడు కొట్టే అవకాశం లేనప్పుడు తల ముందుకు పెట్టి వాలడానికి జంకు ఉండదు. ఒక్క నిబంధన మార్చి చూడండి: పాదాలు కదలవచ్చు, కాలు అడ్డం పెట్టి పడేయవచ్చు, మెత్తని గ్లవ్స్‌తో మొహం మీద చెంపదెబ్బలాంటి దెబ్బ వేయవచ్చు. వెంటనే ఇద్దరి భంగిమలూ నిటారు అవుతాయి. తల వెనక్కి, గడ్డం లోపలికి, మోచేతులు కిందికి, బరువు నడుము కింద. తాయ్‌చీ గురువులు మాటల్లో ఎప్పుడూ అడిగే భంగిమ అదే. మాటలతో ఏళ్లు పట్టేది ఎదుటివాడి చెయ్యి వారంలో నేర్పుతుంది.

వీధిలో జరిగే గొడవ బరి కాదన్న మాట కూడా నిజమే. అక్కడ నేల గరుకు, గోడ మూల ఉంటుంది, కత్తి ఉండవచ్చు, ఎదుటివాడికి స్నేహితులుండవచ్చు. అక్కడ ఏ విద్యా భరోసా ఇవ్వదు, తప్పుకుని వెళ్లిపోగలిగితే వెళ్లిపోవడమే నేర్పు. కానీ తప్పించుకోలేని చోట తాయ్‌చీ ఒక్క విషయంలో బాక్సింగు కంటే మెరుగనిపిస్తుంది. ఎంత బలం వాడాలో ఎంచుకునే వీలు అందులో ఎక్కువ. తాగి మీద పడుతున్న బంధువును ముక్కు పగలగొట్టకుండా పక్కకు తిప్పి గోడకు ఆనించవచ్చు, చొక్కా పట్టుకున్నవాడి మోచేయి నొక్కి విడిపించుకోవచ్చు. మన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కునిస్తూనే, కాపాడుకోవడానికి అవసరమైనదాన్ని మించి హాని చేయడానికి ఆ హక్కు వర్తించదంటాయి. గుద్దుకు మోతాదు కొలవడం కష్టం, ఒక్క గుద్దుతో వెనక్కి పడి తల రోడ్డుకు కొట్టుకుని చనిపోయినవాళ్లున్నారు. తోపుతోనూ ఆ ప్రమాదం ఉంది, కాదనను. కానీ పట్టు వదలకుండా ఎదుటివాడి తూకాన్ని చేతిలో ఉంచుకున్నవాడు అతన్ని ఎక్కడ, ఎంత గట్టిగా దించాలో కొంతైనా నిర్ణయించగలడు.

ఆరోగ్యం కోసం చేసేవాళ్ల జోలికి ఈ గొడవంతా ఎందుకని కొందరు నొచ్చుకుంటారు. వాళ్ల జోలికి వెళ్లనక్కర్లేదు. మోకాళ్ల నొప్పితో వచ్చిన 65 ఏళ్ల మనిషికి గ్లవ్స్ తొడిగించమని ఎవరూ అడగరు, ఆ తరగతిని ఆరోగ్య తరగతి అని పిలిస్తే చాలు. కానీ యుద్ధవిద్య అని బోర్డు రాసి ఇరవై ఏళ్ల కుర్రాడి దగ్గర డబ్బు తీసుకునే గురువుకు బాధ్యత ఉంది. గురువు స్వయంగా తలపడాలని నేననను, యాభై దాటిన మనిషి అనుభవాన్ని నేర్పితే చాలు. ఆయన శిష్యులు మాత్రం తమ బడి బయటి మనుషులతో, జూడో కుర్రాళ్లతో, కుస్తీ కుర్రాళ్లతో, బాక్సర్లతో నెలనెలా కలిసి పెనుగులాడాలి, ఓడాలి, ఓడినది తెచ్చి గురువుతో చర్చించాలి. తరగతి గంటన్నర ఉంటే అరగంట వరస, అరగంట కదిలే పాదాలతో పుష్ హ్యాండ్స్, చివరి అరగంట దూరం నుంచి మొదలై దెబ్బల మధ్యగా పట్టు దాకా వెళ్లే సాధన. అలా ఆరు నెలలు చేసినవాడి వరస చూస్తే తేడా తెలిసిపోతుంది. మేఘాల్లా చేతులు కదిపే భాగంలో ఒక చెయ్యి కిందికి దిగేటప్పుడు రెండోది గడ్డం ఎత్తును వదలదు, ఎందుకంటే వదిలితే ఏమవుతుందో ఆ చేతికి తెలుసు. పక్కకు లాగే కదలికలో పాదం ముందే చోటు చూసుకుంటుంది. చేసే వేగం మాత్రం పార్కులో పెద్దవాళ్లు చేసే వేగమే.